శని, ఆదివారాలకు నాలుగు జపాన్ సినిమాలు

1988 ఏప్రిల్ 16న జపాన్ థియేటర్లలో ఒకే టికెట్టు మీద రెండు బొమ్మల సినిమాలు విడుదలయ్యాయి. ఒకటి హయావో మియజాకి తీసిన 'మై నైబర్ టొటొరో'. రెండోది ఇసావో తకహాత తీసిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్', అంటే మిణుగురుల సమాధి. రెండూ స్టూడియో జిబ్లీలో తయారైనవే. మొదటిదాంట్లో ఇద్దరు అక్కాచెల్లెళ్లు తండ్రితో కలిసి పల్లెటూళ్లో ఓ పాత ఇంట్లో దిగి, పక్కనే ఉన్న చెట్ల మధ్య కాపురముండే ఒక బొద్దు జంతువుతో స్నేహం చేస్తారు. రెండోదాంట్లో బాంబు దాడిలో తల్లిని పోగొట్టుకున్న అన్నాచెల్లెళ్లు ఆకలికి మాడి, ముందు చెల్లెలు, తర్వాత అన్న కన్నుమూస్తారు. పిల్లల్ని వెంటబెట్టుకుని హాలుకు వచ్చిన పెద్దలు ఈ రెండింటినీ వరసగా చూశారు. ఒకే పూట అంత సంతోషాన్నీ అంత దుఃఖాన్నీ ప్రేక్షకుల చేతిలో పెట్టిన జోడీ సినిమా చరిత్రలో మరొకటి దొరకడం కష్టం.

జపాన్ బొమ్మల సినిమాల, అంటే అనిమే అభిమానులకూ ఆర్ట్ సినిమా అభిమానులకూ మధ్య చాలాకాలంగా ఒక గీత ఉంది. అనిమే అంటే పిల్లల కాలక్షేపమని ఒకరు, ఆర్ట్ సినిమా అంటే నిద్రమాత్ర అని ఇంకొకరు పక్కన పెట్టేస్తుంటారు. రెండింటినీ ఒకే వారాంతంలో కలిపి చూసినవాళ్లకు ఆ గీత నిలవదు. బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ వారి 'సైట్ అండ్ సౌండ్' పత్రిక పదేళ్లకోసారి విమర్శకులతో ప్రపంచ ఉత్తమ చిత్రాల జాబితా తయారుచేయిస్తుంది. 2022 జాబితాలో యసుజిరో ఓజు 1953లో తీసిన 'టోక్యో స్టోరీ' నాలుగో స్థానంలో ఉంటే, అదే జాబితాలో 'టొటొరో' 72వ స్థానంలోనూ, మియజాకిదే 'స్పిరిటెడ్ అవే' 75వ స్థానంలోనూ నిలిచాయి. మొదటి వందలోకి బొమ్మల సినిమాలు చేరడం అదే తొలిసారి.

ఆ రెండు లోకాలనూ కొత్తవాళ్లకు పరిచయం చేయడానికి నాలుగు సినిమాలు చాలు. శనివారం 1988 నాటి జోడీ, ఆదివారం 'టోక్యో స్టోరీ', దాని తర్వాత సతోషి కోన్ తీసిన 'మిలీనియం యాక్ట్రెస్'. నాలుగూ కలిపితే ఆరున్నర గంటల పైచిలుకు. ఏది ముందు, ఏది వెనక అన్నది మాత్రం ఆలోచించుకోవాల్సిన విషయం.

జోడీ ఎలా కుదిరిందో తెలిస్తే సినిమాలు ఇంకా బాగా అర్థమవుతాయి. 1984లో వచ్చిన 'నౌసికా' సినిమా విజయం తర్వాత, 1985లో మియజాకి, తకహాత, నిర్మాత తోషియో సుజుకి కలిసి జిబ్లీని నిలబెట్టారు. టొటొరో కథను పెట్టుబడిదారుల ముందు పెడితే ఎవరూ ముందుకు రాలేదు. అందులో పోరాటాలు లేవు, ప్రతినాయకుడు లేడు, మలుపులు లేవు. అలాంటి చిన్న కథను ఒంటరిగా నమ్మలేరు కాబట్టి పక్కన మరో సినిమా పెడదామన్న ఉపాయం అప్పుడు వచ్చింది. అకియుకి నొసాకా 1967లో రాసిన 'మిణుగురుల సమాధి' కథ నవోకి బహుమతి పొందింది. దాన్ని ప్రచురించిన షించోషా సంస్థ సినిమా ఖర్చు భరించడానికి ఒప్పుకుంది. టొటొరో వెనక మరో ప్రచురణ సంస్థ తొకుమా షోతెన్ నిలబడింది. ఒక పక్క టొటొరో అనే దయ్యం చాలక ఇంకో పక్క సమాధి కూడానా అని సంస్థ పెద్దల్లో ఒకరు విసుక్కున్నారని సుజుకి చెబుతుంటారు. మొదట రెండూ గంటేసి సినిమాలుగానే అనుకున్నారు. తకహాత సినిమా పెరుగుతోందని తెలిసి మియజాకి కూడా తగ్గలేదు. అప్పటిదాకా ఒక్కతే అయిన కథానాయికను ఇద్దరు అక్కాచెల్లెళ్లుగా విడదీసి నిడివి పెంచారన్నది కూడా సుజుకి చెప్పే మాటే. చివరికి ఒకటి 86 నిమిషాలు, మరొకటి 89 నిమిషాలు అయ్యాయి.

ఒకే స్టూడియో, ఒకే సమయం, రెండు పూర్తి నిడివి సినిమాలు. పనివాళ్లను పంచుకోవడం పెద్ద తలనొప్పి అయింది. ఇద్దరు దర్శకులూ కోరుకున్న చిత్రకారుడు యోషిఫుమి కొందో తకహాత వైపు వెళ్లారు. పచ్చదనం, మట్టి, వాన తడి గీయడంలో చేయి తిరిగిన కజువో ఓగా టొటొరో నేపథ్యాలు వేశారు. తకహాత పని తీరు నెమ్మది. విడుదల రోజుకు కూడా ఆయన సినిమాలో ఒకటి రెండు చోట్ల రంగులు పూర్తికాలేదు. ఆ భాగాన్ని గీతల బొమ్మలతోనే ప్రదర్శించారు.

టొటొరో కథ 1950ల నాటి జపాన్ పల్లెలో జరుగుతుంది. పదేళ్ల సత్సుకి, నాలుగేళ్ల మేయి, ప్రొఫెసర్ తండ్రి. తల్లి జబ్బుతో ఆసుపత్రిలో ఉంది. మియజాకి తల్లి కూడా ఆయన చిన్నతనంలో ఏళ్ల తరబడి క్షయతో మంచాన పడ్డారు. అందుకే ఆ ఇంట్లో ఎంత నవ్వు ఉన్నా అడుగున ఓ దిగులు కదులుతుంటుంది. సత్సుకి తెల్లవారుజామునే లేచి తండ్రికీ చెల్లికీ తనకీ భోజనం డబ్బాలు సర్దుతుంది. ఎవరూ ఆమెను చేయమని చెప్పరు. ఆమె కష్టపడుతోందని ఎవరూ ప్రేక్షకుడికి చెప్పరు కూడా. బడికి ఆలస్యమవుతుందన్న తొందరలో ఆమె చేతులు ఎలా కదులుతాయో చూపించి కథ ముందుకు సాగిపోతుంది.

ఈ సినిమాలో అందరికీ గుర్తుండిపోయేది వానలో బస్ స్టాప్ దగ్గర సన్నివేశం. చీకటి పడింది. తండ్రికి గొడుగు ఇద్దామని సత్సుకి వచ్చింది. వీపు మీద మేయి నిద్రపోయింది. బస్సు రాదు. పక్కన ఏదో వచ్చి నిలబడుతుంది. గొడుగు అంచు కింద నుంచి సత్సుకికి ముందు పెద్ద పెద్ద గోళ్ల కాళ్లే కనబడతాయి. నెత్తి మీద ఆకు పెట్టుకుని తడుస్తున్న టొటొరోకు ఆమె తండ్రి గొడుగు ఇస్తుంది. చెట్టు కొమ్మల నుంచి నీటి చుక్కలు గొడుగు మీద టపటపా పడతాయి. ఆ చప్పుడు దానికి తెగ నచ్చుతుంది. ఒక్కసారి ఎగిరి దూకుతుంది, చెట్ల మీద నీళ్లన్నీ ధారగా కురుస్తాయి. ఇంతే. కథ దృష్ట్యా ఆ సన్నివేశంలో జరిగింది దాదాపు ఏమీ లేదు. అయినా నాలుగేళ్ల పిల్లల నుంచి డెబ్భై ఏళ్ల పెద్దల దాకా కదలకుండా చూస్తారు. ఎదురుచూడటం ఎలా ఉంటుందో అంత ఓపికగా గీసి చూపినవాళ్లు బొమ్మల సినిమాల్లో బహు తక్కువ.

రెండో సినిమాకు వచ్చేసరికి అదే ఓపిక గుండెను పిండేస్తుంది. 1945 జూన్‌లో కోబే నగరంపై అమెరికా విమానాలు నిప్పు బాంబులు కురిపించాయి. పద్నాలుగేళ్ల సెయితా, నాలుగేళ్ల సెత్సుకో తల్లిని పోగొట్టుకుని చుట్టాలావిడ ఇంటికి చేరతారు. సినిమా మొదట్లోనే సెయితా రైలు స్టేషన్‌లో స్తంభానికి ఆనుకుని ప్రాణం వదులుతాడు. అంటే ఈ పిల్లలు బతకరని ప్రేక్షకుడికి ముందే తెలుసు. ఇక బతుకుతారా లేదా అన్న ఉత్కంఠ ఉండదు. ఒక్కో రోజు ఎలా గడిచిందో చూడటమే మిగులుతుంది.

ఆ రోజులన్నీ తిండి చుట్టూనే తిరుగుతాయి. చనిపోయిన తల్లి కిమోనోలు అమ్మితే బియ్యం వస్తాయి. ఆ బియ్యంతో కాచిన జావ వడ్డించేటప్పుడు ఆ ఇల్లాలు గరిటె అడుగుకంటా ముంచి గట్టిగా ఉన్నది తన వాళ్లకు వేస్తుంది. ఈ ఇద్దరికీ పైతేట. పంక్తిభేదం అంటే ఏమిటో తెలిసిన తెలుగువాళ్లకు ఆ గరిటె కదలిక చాలు, వేరే మాట అక్కర్లేదు. సెత్సుకో దగ్గర రంగురంగుల బిళ్లల డబ్బా ఒకటి ఉంటుంది. బిళ్లలన్నీ అయిపోయాక సెయితా డబ్బాలో నీళ్లు పోసి గిలకొట్టి తాగిస్తాడు. అన్ని పళ్ల రుచులూ వస్తున్నాయని ఆ పిల్ల మురిసిపోతుంది. తర్వాత, ఆకలి ముదిరి మతి తప్పుతున్న దశలో, గోళీకాయను బిళ్ల అనుకుని చప్పరిస్తుంది. మట్టి ముద్దలు చేసి అన్నం తినమని అన్నకు పెడుతుంది.

నొసాకా ఈ కథను తన గుండెకోతలోంచి రాశారు. 1945లో ఆయన చెల్లెలు తిండి లేక చనిపోయింది. కథలో సెయితా ఉన్నంత దయగా తాను లేనని ఆయన తర్వాత ఒప్పుకున్నారు. తకహాతదీ దూరం నుంచి విన్న యుద్ధం కాదు. 1945 జూన్ 29న ఒకయామా నగరం కాలిపోతున్నప్పుడు తొమ్మిదేళ్ల వయసులో, రాత్రి దుస్తుల్లో, చెప్పులు లేకుండా, అక్క చేయి పట్టుకుని నిప్పుల మధ్య పరుగెత్తిన పిల్లవాడాయన. బాంబు నేలమీద పడ్డాక అగ్ని ఎలా పాకుతుందో, మనుషులు ఎటు పరుగెత్తుతారో ఆయనకు కళ్లారా తెలుసు.

విచిత్రంగా, దీన్ని యుద్ధ వ్యతిరేక చిత్రమంటే తకహాత ఒప్పుకునేవారు కాదు. పెద్దల మాట పడలేక, మనుషుల్లోంచి విడిపోయి, చెల్లెలితో తన చిన్న లోకం తాను కట్టుకుందామనుకున్న కుర్రాడి కథగా ఆయన దాన్ని చూశారు. అభిమానుల స్పందన వయసుతో మారేది ఇక్కడే. చిన్నప్పుడు చూసినవాళ్లకు ఆ చుట్టాలావిడ రాక్షసిలా కనబడుతుంది. పిల్లల్ని కన్నాక మళ్లీ చూస్తే, రేషన్ బియ్యంతో ఇల్లు నెట్టుకొస్తున్న ఆమె అవస్థా కనబడుతుంది, అభిమానం చంపుకోలేక చెల్లెల్ని ఆ ఇంట్లోంచి తీసుకుపోయిన సెయితా పొరపాటూ కనబడుతుంది. సినిమా ఎవరి పక్షమూ వహించదు. అందుకే మళ్లీ చూడటానికి ధైర్యం చాలదని చెబుతూనే జనం దాని గురించి దశాబ్దాల తరబడి మాట్లాడుకుంటున్నారు.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూస్తేనే తెలిసే సంగతి ఒకటుంది. రెండింట్లోనూ నాలుగేళ్ల చెల్లెలు, ఆమెను వీపున మోసే పెద్ద తోబుట్టువు, ఇంట్లో లేని తల్లి. ఒక దాంట్లో అమ్మ తిరిగి వస్తుంది, ఇంకో దాంట్లో రాదు. ఒక దాంట్లో పక్కింటి అవ్వ తోటలో కోసిన దోసకాయల్ని పిల్లలు కరకరా కొరుక్కు తింటారు, అమ్మకు ఇవ్వాలని మేయి ఒక మొక్కజొన్న కంకిని గుండెకు హత్తుకుని ఊరంతా తిరుగుతుంది. ఇంకో దాంట్లో అన్న పొలాల్లో కూరగాయలు దొంగిలించి దెబ్బలు తింటాడు. రెండు కథల మధ్య పదిపన్నెండేళ్లే తేడా. ఆకలికి చచ్చిపోతున్న సెత్సుకోకు దక్కనిది మేయి చేతిలో ఉంది. ఈ మాట ఏ పాత్రా అనదు. జోడీగా చూసిన ప్రేక్షకుడికి మాత్రం తట్టి తీరుతుంది.

ఇంత ప్రభావం బొమ్మలకు ఎక్కడ నుంచి వస్తుంది? సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు ఉంచితే సెకనుకు 12 బొమ్మలు, మూడేసి ఉంచితే ఎనిమిది బొమ్మలు కావాలి. 1963 జనవరి 1న ఫుజి టీవీలో మొదలైన ఒసాము తెజుకా 'ఆస్ట్రో బాయ్' వారానికో ఎపిసోడ్ అందించడానికి ఈ లెక్కను బాగా కుదించింది. నోరు మాత్రమే కదిలించడం, పాత బొమ్మల్నే మళ్లీ వాడటం, నిలిచిన బొమ్మ మీద కెమెరాను జరపడం వంటి పద్ధతులు అక్కడి నుంచే జపాన్ టీవీ అనిమేకు అలవాటయ్యాయి. ఎనిమిది బొమ్మల లెక్కనైనా, ఆగకుండా కదిలే ఒక్కో నిమిషానికి 480 బొమ్మలు ఎవరో ఒకరు చేత్తో గీయాల్సిందే.

ఈ లెక్క గుర్తుంటే చూసే చూపు మారుతుంది. మామూలు సినిమాలో నటి జుట్టు గాలికి దానంతట అదే ఎగురుతుంది, వెనకాల కాకి దానంతట అదే వాలుతుంది. బొమ్మల సినిమాలో ఏదీ దానంతట అది జరగదు. టొటొరోలో కొత్త ఇంటికి వచ్చిన హడావుడిలో, బూట్లు విప్పే తీరిక లేక, చాప మురికి కాకుండా పిల్ల మోకాళ్ల మీద పాక్కుంటూ వెళుతుంది. కథకు ఆ కదలిక అవసరం లేదు. అది లేకపోయినా ఎవరూ అడగరు. అయినా ఎవరో పిల్లల్ని గమనించి, గుర్తుపెట్టుకుని, బొమ్మ తర్వాత బొమ్మ గీశారు. సెత్సుకో గొంతు కూడా అలాగే వచ్చింది. ఆ పాత్రకు గొంతునిచ్చింది నిజంగానే చిన్న పాప. ముందు ఆమె మాటలు రికార్డు చేసి, ఆ పలుకు తీరుకు తగ్గట్టు తర్వాత బొమ్మ గీశారు. ఆ సినిమాలో బొమ్మల అంచులకు అలవాటైన నలుపు కాకుండా గోధుమరంగు గీత వాడారు. చూసేవాడికి అది ప్రత్యేకంగా కనబడదు, బొమ్మ మెత్తగా అనిపిస్తుందంతే. ఆర్ట్ సినిమా ప్రేమికులు మనిషి చేసే చిన్న పనిలో వెతికే శ్రద్ధ ఇదే. అనిమేలో అది ఇంకా స్పష్టంగా ఉంది, ఎందుకంటే అక్కడ యాదృచ్ఛికం అన్నది లేదు.

థియేటర్లో ఈ జోడీ పెద్దగా ఆడలేదు. సుమారు 8 లక్షల మంది చూశారు. విమర్శకులు మాత్రం వెంటనే గుర్తించారు. 'కినెమా జుంపో' పత్రిక 1988 జపాన్ చిత్రాల్లో మొదటి స్థానం టొటొరోకు ఇచ్చింది. జనంలోకి అది టీవీ ద్వారా, ఆ తర్వాత మార్కెట్లోకి వచ్చిన మెత్తటి బొమ్మల ద్వారా వెళ్లింది. అప్పటి జపాన్ హాళ్లలో ప్రదర్శన ఆగకుండా నడిచేది, ఎప్పుడైనా లోపలికి వెళ్లొచ్చు. ఏ సినిమా ముందు చూశామన్నది హాలుకు ఎప్పుడు చేరామన్న దానిమీద ఆధారపడేది. టొటొరో ముందు చూసి, నవ్వుతున్న పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని రెండోది చూసినవాళ్ల స్థితి ఊహించుకోవచ్చు.

శనివారం ఇలా గడిచాక ఆదివారం ఓజు సినిమా పెట్టుకుంటే మొదటి అరగంట చాలామందికి కష్టంగానే ఉంటుంది. ఒనొమిచి అనే చిన్న రేవు పట్నం నుంచి వృద్ధ దంపతులు టోక్యోలో ఉన్న పిల్లల్ని చూడటానికి బయల్దేరతారు. పెద్ద కొడుకు డాక్టరు. ఆదివారం అందరూ షికారుకు సిద్ధమవుతుండగా రోగి కబురొస్తుంది, షికారు ఆగిపోతుంది, మనవడు అలుగుతాడు. కూతురికి బ్యూటీ పార్లర్ ఉంది. అత్తామామల కోసం అల్లుడు మంచి కేకులు తెస్తే, వాళ్లకు అంత ఖరీదైనవి ఎందుకు అంటుంది కూతురు. తర్వాత కొడుకూ కూతురూ డబ్బులేసుకుని ముసలివాళ్లను అతామి అనే సముద్రతీర విడిదికి పంపిస్తారు. పొమ్మనలేక పొగబెట్టడమే అది, కాకపోతే చాలా మర్యాదగా. అక్కడ రాత్రంతా కుర్రకారు గోల, పాటలు, నిద్ర పట్టదు. పొద్దున్నే సముద్రపు గట్టు మీద ఇద్దరూ కూర్చుంటారు. ఇంటికి వెళ్దామనుకుని లేవబోతే పెద్దావిడకు ఒక్క క్షణం కళ్లు తిరుగుతాయి. ఓజు దాన్ని దగ్గర నుంచి చూపించడు, సంగీతం పెంచడు. శ్రద్ధ పెట్టనివాళ్లు దాన్ని దాటేస్తారు. శనివారం సత్సుకి చేతుల్నీ వడ్డించే గరిటెనూ చూసి వచ్చినవాళ్లు దాటేయరు.

ఓజు కెమెరా నేల మీద కూర్చున్న మనిషి కళ్ల ఎత్తులో, కొన్నిసార్లు అంతకన్నా కింద ఉంటుంది. సినిమా మొత్తంలో అది కదిలేది చాలా అరుదు. సన్నివేశానికీ సన్నివేశానికీ మధ్య పొగగొట్టాలు, ఆరేసిన బట్టలు, రేవులో పడవలు, మనుషుల్లేని వరండా కనిపిస్తాయి. కథతో సంబంధం లేనట్టుండే ఆ దృశ్యాల దగ్గర ప్రేక్షకుడు జరిగినదాన్ని లోపలికి తీసుకుంటాడు. టొటొరోలోనూ వాన మీదా, నత్త పాకే మొక్క మీదా బొమ్మ అలాగే నిలుస్తుంది.

తల్లిదండ్రులను పిల్లలు వంతులు వేసుకునే కథ తెలుగువాళ్లకు కొత్తేం కాదు. ఎన్టీ రామారావు, అంజలీదేవి నటించిన 'బడి పంతులు' 1972లోనే ఆ బాధను తెర మీదకు తెచ్చింది. అక్కడ కొడుకుల తప్పు తేటతెల్లంగా తెలుస్తుంది, కన్నీళ్లకూ దారి సుగమంగా ఉంటుంది. ఓజు దగ్గర చెడ్డవాళ్లెవరూ లేరు. కొడుక్కి నిజంగానే రోగులున్నారు, కూతురికి నిజంగానే తీరిక లేదు. ముసలివాళ్లను మనసారా చూసుకునేది యుద్ధంలో చనిపోయిన రెండో కొడుకు భార్య నోరికో ఒక్కతే. ఒంటి గది కొంపలో, పక్కింటి నుంచి మద్యం అరువు తెచ్చి మామగారికి పోస్తుంది, అత్తగారి భుజాలు పిసుకుతుంది. తల్లి చనిపోయాక, అంత్యక్రియల భోజనం దగ్గరే కూతురు అమ్మ బట్టల్లో తనకు కావాల్సినవి అడుగుతుంది. చూసేవాడికి కోపం రావాలి, వస్తుంది కూడా. ఆ వెంటనే, ఇలాంటి మాట తన ఇంట్లో ఎవరన్నారో గుర్తొస్తుంది. ఓజు సినిమా చూసి బయటికొచ్చి ఊరికి ఫోన్ చేసేవాళ్లు ఎక్కువ అంటే నమ్మడం కష్టం కాదు.

నోరికో పాత్ర వేసిన సెత్సుకో హారా దగ్గరే ఈ వారాంతం ముడి ఉంది. ఆమె జపాన్ ప్రేక్షకుల ఆరాధ్య తార. 1963 డిసెంబరు 12న, సరిగ్గా అరవయ్యో పుట్టినరోజున, ఓజు చనిపోయారు. ఆ తర్వాత ఆమె నటన మానేసి కమకురాలో తలుపులు మూసుకుని ఉండిపోయారు. ఇంటర్వ్యూలు లేవు, ఫొటోలు లేవు. 2015 సెప్టెంబరులో 95 ఏళ్ల వయసులో చనిపోయేదాకా ఆ మౌనం వీడలేదు. ఎందుకు వెళ్లిపోయారన్న ప్రశ్న ఒక తరం అభిమానుల్ని వెంటాడింది.

సతోషి కోన్ 2001లో పూర్తిచేసిన 'మిలీనియం యాక్ట్రెస్' ఆ ప్రశ్నలోంచి పుట్టింది. చియోకో అనే ఒకప్పటి తార ముప్పై ఏళ్లుగా ఎవరికీ కనబడకుండా బతుకుతుంటుంది. పాత స్టూడియో కూల్చేస్తున్న సందర్భంలో గెన్యా అనే డాక్యుమెంటరీ దర్శకుడు, ఒక కుర్ర కెమెరామన్‌తో ఆమె ఇంటికి వస్తాడు. ఆమె ఎప్పుడో పోగొట్టుకున్న తాళం చెవి తిరిగి చేతిలో పెడతాడు. చిన్నప్పుడు తాను దాచిపెట్టి కాపాడిన ఒక చిత్రకారుడి తాళం చెవి అది. అతణ్ని వెతుక్కుంటూనే ఆమె సినిమాల్లోకి వచ్చింది. ఆమె చెప్పడం మొదలుపెట్టగానే గదిలో ఉన్న ఇద్దరూ ఆమె జ్ఞాపకాల్లోకి నడిచి వెళ్లిపోతారు. ఒక తలుపు తీస్తే మంచూరియాలో రైలు, ఇంకో తలుపు తీస్తే యుద్ధ ప్రభువుల కోట. పరుగెడుతున్న చియోకో అడుగు తీస్తే ఒక శతాబ్దం, అడుగు వేస్తే ఇంకో శతాబ్దం. రాట్నం తిప్పుతూ శపించే ముసలి ప్రేతం ఎదురైనప్పుడు, అకిరా కురొసావా 1957 నాటి 'థ్రోన్ ఆఫ్ బ్లడ్' చూసినవాళ్లు గుర్తుపడతారు.

గెన్యా చియోకోకు వీరాభిమాని. ఆమె ప్రతి డైలాగూ అతనికి నోటికొచ్చు. జ్ఞాపకంలో ఆమె ఆపదలో పడితే చూస్తూ ఉండలేక తానే యోధుడి వేషంలో అడ్డుపడతాడు, వెక్కి వెక్కి ఏడుస్తాడు. పక్కనున్న కెమెరామన్ అయోమయంగా కెమెరా మోస్తూ వెనకాల పరుగెడతాడు. అభిమానం లోపలి నుంచి ఎలా ఉంటుందో, బయటి నుంచి ఎలా కనిపిస్తుందో కోన్ ఒకే ఫ్రేములో పెట్టాడు. 1997లో వచ్చిన తన మొదటి సినిమా 'పర్ఫెక్ట్ బ్లూ'లో ఆయన దీనికి పూర్తి వ్యతిరేకమైన అభిమానిని చూపించాడు. ఒక గాయనిని తన సొత్తు అనుకుని వెంటాడే మనిషి అతను. గెన్యా మాత్రం చియోకో నుంచి ఏమీ కోరడు. తాళం చెవి తిరిగి ఇవ్వడానికే వచ్చాడు. అభిమానుల మీద వచ్చిన సినిమాల్లో ఇంత గౌరవం చూపించినది ఇంకొకటి లేదనే చెప్పాలి. జపాన్ మీడియా ఆర్ట్స్ ఉత్సవంలో ఇది 'స్పిరిటెడ్ అవే'తో కలిసి ప్రథమ బహుమతి పంచుకుంది. కోన్ 2010 ఆగస్టులో, 46 ఏళ్లకే, క్యాన్సర్‌తో చనిపోయారు. ఆయన పూర్తిచేసిన సినిమాలు నాలుగే.

ఓజు నిలిపిన చోట కోన్ పరుగెత్తిస్తాడు. అందుకే ఆ రెండూ ఒక రోజున చూడాలి. 'టోక్యో స్టోరీ'లో నోరికో ముఖం మీది చిరునవ్వును మనసులో పెట్టుకుని చియోకోను చూస్తే, తెర మీద ఎప్పుడూ నవ్వే మనిషి తెర వెనక ఏం దాచుకుని ఉంటుందన్న ఊహ బలపడుతుంది. వరస మార్చి చూస్తే ఆ లాభం ఉండదు.

తెలుగునాట అనిమేకు ఇప్పుడు మంచి రోజులు. డోరేమాన్, షిన్‌చాన్‌లను తెలుగు మాటల్లో టీవీలో చూసి పెరిగిన పిల్లలు పెద్దవాళ్లయ్యారు. 2019లో మకోతో షింకాయ్ 'వెదరింగ్ విత్ యూ' భారత్‌లో విడుదలవడానికి అభిమానుల సంతకాల ఉద్యమం తోడ్పడింది. 2025 సెప్టెంబరులో 'డీమన్ స్లేయర్: ఇన్ఫినిటీ క్యాజిల్' తెలుగు డబ్బింగ్‌తో థియేటర్లకు వచ్చింది. అదే ఏడాది జనవరిలో, యూగో సాకో, రామ్ మోహన్ తదితరులు మూడు దశాబ్దాల కిందట భారత, జపాన్ కళాకారులతో తీసిన 'రామాయణ: ది లెజెండ్ ఆఫ్ ప్రిన్స్ రామ' తెలుగు మాటలతో మళ్లీ విడుదలైంది. ఆ కొత్త రూపానికి రచయిత విజయేంద్ర ప్రసాద్ సహకరించారు. హాలు నింపేవి పోరాటాల సినిమాలే అయినా, వాటి దారినే లోపలికి వచ్చిన ప్రేక్షకులకు తకహాత, కోన్ దొరకడం ఇప్పుడు కష్టం కాదు. జిబ్లీ సినిమాలు చాలావరకు 2020 నుంచి నెట్‌ఫ్లిక్స్‌లో ఉన్నాయి. హక్కులు వేరే సంస్థ చేతిలో ఉండటం వల్ల ఆగిపోయిన 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' కూడా 2024 సెప్టెంబరులో అక్కడికి చేరింది.

చూడబోయేవాళ్లకు రెండు మాటలు. డబ్బింగ్ కన్నా జపనీస్ గొంతులతోనే చూడాలి, ముఖ్యంగా సెత్సుకోను. ఆ పాప పలుకు మారితే సినిమా సగం పోతుంది. 'గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్' బొమ్మల సినిమాయే కదా అని చిన్నపిల్లల ముందు పెట్టకండి. పన్నెండు, పదమూడేళ్లు నిండిన పిల్లలతో, పక్కన పెద్దవాళ్లు కూర్చుని చూడాల్సిన సినిమా అది. శనివారం మధ్యాహ్నం దాన్ని ముందు చూసి, కాసేపు బయట తిరిగి వచ్చి, చిన్నపిల్లల్ని కూడా పిలిచి సాయంత్రం 'టొటొరో' పెట్టుకోండి.